దిగి చూసినవాళ్లకే లైసెన్సు

(భారీ వాహనాల డ్రైవింగ్ నేర్చుకోవడానికి కొత్తగా చేరిన యువతీయువకులకు శిక్షణ మొదటిరోజున ఒక సీనియర్ శిక్షకుడు ఇచ్చిన ప్రసంగానికి అక్షరరూపం)

అందరూ కూర్చున్నారా? వెనక వరుసలో ఉన్నవాళ్లు ముందుకు జరగండి. లారీలో ఎలాగూ మీకు వెనక సీటు దొరకదు, ఇప్పటినుంచే అలవాటు చేసుకోండి.

మొదట ఒక ప్రశ్న. లోపలికి వచ్చేటప్పుడు మైదానంలో నిలబెట్టిన ట్రైలర్ లారీని అందరూ చూశారు. చాలామంది దాని ముందు నిలబడి ఫొటోలు తీసుకున్నారు, నేను ఈ కిటికీలోంచి చూస్తూనే ఉన్నాను. అందులో తప్పేమీ లేదు, అలాంటి ఫొటో నా దగ్గరా ఒకటి ఉంది. నేను అడిగేది వేరే. దాని చుట్టూ ఒక్కసారైనా పూర్తిగా తిరిగి వచ్చినవాళ్లు ఎంతమంది? చేతులెత్తండి. ఒకటి, రెండు... మూడో చెయ్యి సగమే లేచింది, దాన్ని లెక్కలో వేయను. ఇద్దరు. సరే, మీ ఇద్దరూ చెప్పండి, వెనక చక్రాల అవతల ఏముంది? అదీ! ఎర్ర డబ్బా. ఖాళీ రంగు డబ్బా. పొద్దున నేనే పెట్టాను. డ్రైవరు సీట్లో కూర్చుని ఏ అద్దంలో వెతికినా అది కనబడదు. ఈరోజు అది ఖాళీ డబ్బా. రేపు ఏదో వీధిలో అదే చోట ఒక చిన్న సైకిలు ఉండవచ్చు, సైకిలు పక్కన గొలుసు సరిచేసుకుంటున్న పిల్లవాడూ ఉండవచ్చు.

ఈ డబ్బా సంగతి మళ్లీ వస్తుంది, గుర్తుంచుకోండి.

వయసు విషయం ముందుగా తేల్చేద్దాం. మీలో సగంమంది అడగాలనుకుంటున్నది అదేనని నాకు తెలుసు. కారుకు 18 చాలినప్పుడు లారీకి ఇంకా ఆగమంటారెందుకు? దేశాలన్నీ ఈ ప్రశ్నతో కుస్తీ పడుతూనే ఉన్నాయి. 1968లో వియన్నాలో కుదిరిన రోడ్డు రాకపోకల ఒప్పందం వాహనాలను తరగతులుగా విడదీసి, 3,500 కిలోలు దాటిన సరుకు వాహనాన్ని ‘సి’ తరగతిలో పెట్టింది. చాలా దేశాల లైసెన్సు కార్డుల మీద ఇప్పటికీ ఆ అక్షరమే ఉంటుంది. ఏ వయసుకు ఇవ్వాలన్న దగ్గర మాత్రం ఎవరి దారి వారిది. భారతదేశంలో 1988 నాటి మోటారు వాహనాల చట్టం ప్రకారం రవాణా వాహనం నడపడానికి 20 ఏళ్లు నిండాలి. దాని లెర్నర్ లైసెన్సు తీసుకోవడానికి ముందు కనీసం ఒక ఏడాది తేలికపాటి వాహనం లైసెన్సు చేతిలో ఉండి తీరాలి. యూరోపియన్ యూనియన్‌లో పెద్ద లారీకి మామూలుగా 21. అమెరికాది ఇంకో విచిత్రం. అక్కడ 18 నిండితే సొంత రాష్ట్రం లోపల లారీ తోలుకోవచ్చు, సరిహద్దు దాటి వేరే రాష్ట్రానికి సరుకు తీసుకుపోవాలంటే 21 నిండాలి. టెక్సస్ లాంటి పెద్ద రాష్ట్రంలో 19 ఏళ్ల కుర్రవాడు ఈ చివర నుంచి ఆ చివరకు వెయ్యి కిలోమీటర్లకు పైగా తోలవచ్చు. సరిహద్దుకు పది కిలోమీటర్ల అవతల ఉన్న గోదాముకు మాత్రం వెళ్లకూడదు. పది కిలోమీటర్లలో ఏ జ్ఞానోదయం అవుతుందో ఆ చట్టం రాసినవాళ్లే చెప్పాలి.

ఇక్కడ ఒక కిటుకు ఉంది, జాగ్రత్తగా వినండి. యూరప్‌లో 21 ఏళ్ల నిబంధనకు ఒక వెసులుబాటు ఉంది. వృత్తి డ్రైవర్ల కోసం పెట్టిన 280 గంటల ప్రాథమిక శిక్షణ మొత్తం పూర్తిచేసి అర్హత పత్రం పొందితే 18 ఏళ్లకే పెద్ద లారీ ఎక్కవచ్చు. సగం గంటల శిక్షణ, అంటే 140 గంటలది, అదీ ఉంది. దానితో ఇంత చిన్న వయసులో పెద్ద లారీ ఇవ్వరు. దీని అర్థం ఏమిటి? మూడేళ్ల వయసుకు బదులు 280 గంటల శిక్షణ చెల్లుతుందని చట్టమే ఒప్పుకుంది. అమెరికాలో కూడా 2021 నాటి మౌలిక సదుపాయాల చట్టంతో ఒక ప్రయోగం మొదలైంది. 18 నుంచి 20 ఏళ్ల వాళ్లను రాష్ట్రాలు దాటనిచ్చారు, కానీ మొదట 120 గంటలు, తర్వాత మరో 280 గంటలు, పక్క సీట్లో అనుభవం ఉన్న డ్రైవరు కూర్చుని ఉండాలని షరతు పెట్టారు. ఎవరు ఎటునుంచి లెక్క వేసినా పక్క సీటు దగ్గరికే వస్తున్నారు.

నేను ఈ వృత్తిలోకి వచ్చింది కూడా పక్క సీటు నుంచే. మా మేనమామ లారీలో రెండేళ్లు కూర్చున్నాను. ఆయన మాటలు తక్కువ మనిషి. పాఠం చెప్పడం ఆయనకు చేతకాదు. కానీ ఒక ఆట పెట్టాడు. దారిలో ఎక్కడో ఉన్నట్టుండి యాక్సిలరేటర్ మీద నుంచి కాలు తీసేవాడు. తీసి, రోడ్డు మీద నుంచి చూపు తిప్పకుండానే, “ఎందుకు తీశానో చెప్పు” అనేవాడు. నాకేమీ కనబడేది కాదు. ముందు ఉన్న కారు బాగానే పోతోంది, రోడ్డు ఖాళీగానే ఉంది. ఇంకాసేపటికి తెలిసేది. నాలుగు వాహనాల అవతల ఒక బస్సు వెనక దీపాలు ఒక్క క్షణం వెలిగి ఆరాయి, ఆయన కారు అద్దాల్లోంచి అవతలికి చూసి పట్టుకున్నాడు. ఇంకోసారి రోడ్డు పక్కన ఆగిన వ్యాను కింద, దాని చక్రాల మధ్య, రెండు కాళ్లు నడుస్తున్నాయి. మనిషి ఇంకా కనబడలేదు, కాళ్లే కనబడ్డాయి. మొదటి నెల పదిసార్లు అడిగితే ఒక్కసారి చెప్పగలిగాను. రెండో ఏడాది చివరికి ఆయన కాలు తీయకముందే నేను “మామా, కాలు” అనేవాణ్ని. ఆరోజు ఆయన నవ్వి, బండి పక్కకు తీసి, ఖాళీ మైదానంలో మొదటిసారి స్టీరింగ్ ఇచ్చాడు.

దీన్ని ఊరికే పాతరోజుల ముచ్చటగా చెప్పడం లేదు. లెక్క చూద్దాం. ఆ బోర్డు మీద రాస్తాను.

అమెరికా వాణిజ్య లైసెన్సు అభ్యర్థుల పుస్తకంలో ఒక పాఠం ఉంటుంది. గంటకు 55 మైళ్లు, అంటే దాదాపు 88 కిలోమీటర్ల వేగం. పొడి రోడ్డు, మంచి బ్రేకులు. ప్రమాదాన్ని కన్ను చూసి మెదడు గుర్తుపట్టేలోపు బండి 142 అడుగులు పోతుంది. గుర్తుపట్టాక కాలు బ్రేకు మీదికి వచ్చేలోపు 61 అడుగులు. బ్రేకు పట్టాక ఆగడానికి 216 అడుగులు. మొత్తం 419 అడుగులు, సుమారు 128 మీటర్లు. ఎయిర్ బ్రేకు అయితే గొట్టాల గుండా గాలి చక్రాల దాకా చేరడానికి అర సెకను లాంటిది పడుతుంది, దానికి ఇంకో 32 అడుగులు కలపండి.

ఇప్పుడు మీ వయసు గొప్పతనం ఇందులో ఎక్కడుందో వెతుకుదాం. మీ కాలు నా కాలికంటే చురుకు, ఒప్పుకుంటాను. రెండింతలు చురుకు అనుకుందాం. 61 అడుగుల్లో సగం మిగిలింది, దాదాపు 9 మీటర్లు. బయట నిలబెట్టిన ట్రైలర్ పొడవు దానికంటే ఎక్కువ. మీ యవ్వనమంతా కలిపి ఒక్క లారీ పొడవు కూడా రాలేదు! అదే మా మామ లాగా మూడు సెకన్ల ముందు చూసి కాలు తీసినవాడికి ఆ వేగంలో 70 మీటర్లకు పైగా చేతికొస్తాయి. అందుకే 12 నుంచి 15 సెకన్ల దూరం ముందుకు చూడమని అదే పుస్తకం చెబుతుంది. హైవే మీద అది 300 మీటర్ల పైమాటే. కొత్త డ్రైవర్ల చూపు ఎక్కడుంటుందో తెలుసా? ముందున్న బండి నంబరు పలక మీద. ఆ బండి ఏ జిల్లాదో తెలుసుకుని మీరేం చేస్తారు?

ఒక మాట పక్కకు. డైమ్లర్ 1896లో తయారుచేసిన మొట్టమొదటి మోటారు లారీకి 4 హార్స్‌పవర్ల ఇంజన్, 1,500 కిలోల మోత సామర్థ్యం. ఇప్పుడు యూరప్ రోడ్ల మీద మామూలు ట్రైలర్ లారీ సరుకుతో కలిపి 40 టన్నులు ఉండవచ్చు. బరువు పెరిగిన కొద్దీ ఆపాల్సిన శక్తి అంతకంత పెరుగుతుంది. వేగం రెట్టింపయితే మాత్రం నాలుగింతలు అవుతుంది. బరువు మీ చేతిలో ఉండదు, ఎవరో ఎక్కిస్తారు. వేగం మీ కాలి కిందే ఉంటుంది.

ఇక బ్రేకులు. వీటి మీద ఎక్కువసేపు మాట్లాడతాను. కారు నుంచి వచ్చినవాళ్లకు అన్నింటికంటే కొత్తగా ఉండేది ఇదే.

కారులో మీరు పెడల్ తొక్కితే నూనె కదులుతుంది, ఆ నూనె బ్రేకును నొక్కుతుంది. మీ కాలికి, చక్రానికి మధ్య ఒక చేతికందే సంబంధం ఉంటుంది. లారీలో మీ కాలు ఒక తలుపు తెరుస్తుందంతే. గాలి లోపలికి పోతుంది, అసలు పని గాలి చేస్తుంది. ఈ ఆలోచన రోడ్డు మీద పుట్టినది కాదు. జార్జ్ వెస్టింగ్‌హౌస్ 1869లో రైళ్ల కోసం పేటెంటు తీసుకున్నాడు. మొదటి నమూనాలో ఒక లోపం ఉంది, గొట్టం తెగితే బ్రేకులు పోతాయి. 1872కల్లా దాన్ని తలకిందులు చేశాడు. గొట్టంలో గాలి ఉన్నంతసేపు బ్రేకులు వదిలి ఉంటాయి, గాలి పోతే వాటంతట అవే పడతాయి. మీ లారీ పార్కింగు బ్రేకులో ఉన్నది ఈ తెలివే. చక్రం దగ్గర ఒక డబ్బాలో బలమైన స్ప్రింగు చుట్టుకుని ఉంటుంది. అది ఎప్పుడూ బ్రేకు వేయాలనే చూస్తుంది. దాన్ని వెనక్కి పట్టి ఉంచేది గాలి. మీరు ఆ పసుపు మీట లాగినప్పుడు ‘ఫుస్స్’ అని పెద్దగా వినిపిస్తుందే, అది గాలి బయటికి పోయి స్ప్రింగుకు స్వేచ్ఛ వచ్చిన చప్పుడు. బ్రేకు డబ్బా విప్పి చూద్దామన్న సరదా మాత్రం ఎవరూ పెట్టుకోవద్దు. ఆ స్ప్రింగు ఊడి తగిలితే మనిషి మిగలడు. దాన్ని మెకానిక్కుకు వదిలేయండి.

రేపటినుంచి ప్రతి ఉదయం మీరు చేయబోయే పరీక్ష ఇది. ఇంజన్ నడిపి గాలి నిండనివ్వండి, గాలి ఒత్తిడి చూపే సూది సుమారు 8 బార్ల దగ్గర నిలుస్తుంది, బార్ అంటే ఒత్తిడి కొలత. ఇంజన్ ఆపండి. చక్రాలకు అడ్డు దిమ్మలు పెట్టి పార్కింగు బ్రేకు వదలండి. పెడల్ గట్టిగా తొక్కి పట్టండి. సూది ఒక్కసారి కాస్త దిగి నిలబడుతుంది. అప్పటినుంచి ఒక నిమిషం లెక్కపెట్టండి. గడియారం చూసి లెక్కపెట్టండి, మనసులో కాదు. మనసులో నిమిషానికి నలభై సెకన్లే ఉంటాయి. విడి లారీలో ఆ నిమిషంలో చదరపు అంగుళానికి 3 పౌండ్లకు మించి, ట్రైలర్ జోడిస్తే 4 పౌండ్లకు మించి పడకూడదని అమెరికా పరీక్షలో నియమం. పడిందంటే ఎక్కడో గాలి కారుతోంది. ఆ తర్వాత తాళం తిప్పి ఉంచి, ఇంజన్ నడపకుండా పెడల్ తొక్కుతూ వదులుతూ గాలి తగ్గించండి. దాదాపు 4 బార్లకు దిగేలోపు హెచ్చరిక దీపం, మోత రావాలి. ఇంకా దిగితే స్ప్రింగు బ్రేకులు వాటంతట అవే పడాలి. ఇదంతా కలిపి పది నిమిషాల పని. ఈ పది నిమిషాలు విసుగు అనిపించినవాళ్లు ఇప్పుడే చెప్పండి, కట్టిన రుసుము వెనక్కి ఇప్పించేస్తాను.

పెడల్ తొక్కుతూ వదులుతూ అన్నాను కదా, అది నిలబడి చేసే పరీక్షలో మాత్రమే. దిగుడు రోడ్డులో ఊరికే పంపు కొట్టినట్టు కొడితే ప్రతి తొక్కుకూ గాలి ఖర్చవుతుంది. ఇంజన్ నింపే వేగం కంటే మీరు ఖర్చుచేసే వేగం ఎక్కువయితే కొండ మధ్యలో గాలి అయిపోతుంది.

కొండ దిగడం గురించి ఒక పాత మాట విని ఉంటారు. ఏ గేరులో ఎక్కావో ఆ గేరులోనే దిగు అని. పాత బండ్లకు అది సరిపోయింది. ఇప్పటి ఇంజన్లకు బలం ఎక్కువ, పెద్ద గేరులోనే ఎక్కేస్తాయి. బండి ఆకారం గాలిని కోసుకుపోయేలా ఉంటుంది, లోపల రాపిడి తక్కువ. అంటే దిగేటప్పుడు బండిని పట్టి ఆపేది కూడా తక్కువ. కాబట్టి ఎక్కిన గేరు కంటే తక్కువ గేరు కావలసి రావచ్చు. ఆ గేరును దిగుడు మొదలుకాకముందే వేయాలి. సగం దిగాక మార్చబోతే ఉన్న గేరు ఊడుతుంది, కొత్తది పడదు, బండి న్యూట్రల్‌లో పరుగు తీస్తుంది. డీజిలు మిగులుతుందని కావాలనే న్యూట్రల్‌లో దింపేవాళ్లనూ చూశాను. నా మాటగా చెబుతున్నాను, అలాంటివాడి పక్కన మీరు కూర్చుని ఉంటే తర్వాతి మలుపులో దిగిపోండి. బస్సు ఎక్కి వెళ్లండి.

పూర్తిగా ఇంజను మీదే దిగలేనప్పుడు బ్రేకు ఎలా వాడాలి? మీరు పెట్టుకున్న వేగం గంటకు 40 అనుకోండి. 40కి రాగానే గట్టిగా తొక్కి 32కు దించండి, పూర్తిగా వదిలేయండి. మళ్లీ 40కి రానివ్వండి. కాలు మీద కాలు వేసుకున్నట్టు పెడల్ మీద కాలు పెట్టి సన్నగా నొక్కుతూ పోతే చక్రంతో తిరిగే బ్రేకు డ్రమ్ము వేడెక్కి వ్యాకోచిస్తుంది, లోపలినుంచి దాన్ని ఒరిసి ఆపాల్సిన బ్రేకు షూ దాన్ని అందుకోలేదు. పెడల్ తొక్కుతూనే ఉంటారు, బండి వింటూ ఉండదు.

ఇప్పుడు నా పరీక్ష కథ. మొదటిసారి నేను తప్పాను. చేతులు బాగా తిరుగుతాయని నాకు అప్పట్లో గట్టి నమ్మకం. రివర్సు పరీక్షలో ట్రైలర్ను రెండు కర్రల మధ్యకు వెనక్కి తీసుకురావాలి. ట్రైలర్ రివర్సు తెలుసు కదా, అంతా తలకిందులు. స్టీరింగ్ కుడికి తిప్పితే ట్రైలర్ తోక ఎడమకు పోతుంది. దీనికి ఒక చిట్కా ఉంది, చెయ్యి స్టీరింగ్ అడుగున పట్టుకుంటే మీ చెయ్యి ఎటు జరిగితే తోక అటు జరుగుతుంది. నేను చిట్కా అవసరం లేనంత బాగా చేశాను. ఒక్క గీత తొక్కలేదు. ఇంక రెండు అడుగులే ఉంది. అద్దంలో కర్ర కనబడటం మానేసింది. దిగి చూస్తే పరీక్షాధికారి నన్ను కొత్తవాడనుకుంటాడేమోనని సిగ్గు. నేను కొత్తవాణ్నే, అది వేరే సంగతి. రెండు అడుగులు అంచనా మీద వెనక్కి పోనిచ్చాను. ‘టక్’ అని చిన్న చప్పుడు. కర్ర విరిగింది. అధికారి ఏమీ అనలేదు, కాగితం మీద ఏదో రాసి, “దిగి చూడటానికి మార్కులు తగ్గవు బాబూ” అన్నాడు. అప్పుడు తెలిసింది నాకు, దిగడం నియమాల్లోనే ఉందని. పుస్తకంలో ఆ పేజీ చదవలేదు మరి. దిగి చూసే అవకాశం ఎన్నిసార్లు ఇస్తారో ఒక్కో దేశంలో ఒక్కో లెక్క, అది ముందే కనుక్కోండి. పరీక్ష అయ్యాక రోడ్డు మీద దానికి లెక్కే లేదు, వందసార్లు దిగండి.

మలుపుల సంగతి మాటల్లో చెప్పను, మధ్యాహ్నం చూపిస్తాను. మైదానంలో నేల తడిపి లారీని నెమ్మదిగా మలుపు తిప్పుతాం. అందరూ కిందనే ఉంటారు. ముందు చక్రాల తడి జాడ ఒకచోట, ట్రైలర్ వెనక చక్రాల జాడ దానికి ఎంతో లోపలగా పడుతుంది. ఆ రెండు జాడల మధ్య మీరే నడిచి కొలవండి. వీధి మూలలో సైకిలు మీద నిలబడినవాడు నిలబడేది సరిగ్గా ఆ రెండు జాడల మధ్యే. మీ ముందు చక్రం అతన్ని తప్పించుకుని పోతుంది, అతను హమ్మయ్య అనుకుంటాడు, వెనక చక్రాలు ఇంకా రావలసే ఉంటాయి.

చుట్టూ తిరిగేటప్పుడు ఏం చూడాలో ఒకటి రెండు చెబుతాను, మిగతావి బండి దగ్గర. చక్రం నట్ల చుట్టూ తుప్పు రంగు గీత చారలా కారి ఉంటే ఆ నట్టు వదులైందని అనుమానించండి. నట్టు కదిలినప్పుడల్లా లోహం అరిగి, తడి తగిలి అలా కారుతుంది. జంట టైర్ల మధ్య చెయ్యి పెట్టి చూడండి, రెండు టైర్లు ఒకదాన్నొకటి తాకకూడదు, మధ్యలో రాయి ఇరుక్కుని ఉండకూడదు. అది వేగంలో ఊడి వెనకవాడి అద్దానికి తగులుతుంది. సరుకు కట్టిన పట్టీలు చేత్తో లాగి చూడండి. మీరు కట్టకపోయినా సరే. బిగించినవాడి పేరు ఎవరికీ గుర్తుండదు, పడిపోయినప్పుడు అడిగేది డ్రైవర్నే. ద్రవాలు మోసే ట్యాంకరు ఇంకో లోకం. సగం నిండిన ట్యాంకరు ఆగాక కూడా లోపలి ద్రవం ఆగదు, ముందుకొచ్చి గుద్దుతుంది. పాల లాంటివి మోసే ట్యాంకుల్లో కడగడం కష్టమని అడ్డుగోడలు పెట్టరు, వాటిలో ఆ తోపు ఇంకా ఎక్కువ. కొత్తగా లైసెన్సు వచ్చినవాళ్లు దాని జోలికి వెంటనే పోకండి.

పరీక్ష తంతు తొందరగా చెప్పేస్తాను. దాదాపు ఎక్కడైనా వైద్య పరీక్ష, కంటి పరీక్ష ఉంటాయి. రాత పరీక్ష ఉంటుంది. ఆ తర్వాత బండి తనిఖీ, మైదానంలో అదుపు, రోడ్డు మీద నడక, ఈ మూడు ఏదో ఒక రూపంలో వస్తాయి. ఆటోమేటిక్ గేరు బండితో పరీక్ష ఇస్తే కొన్ని దేశాల్లో ఆ బండ్లకే పరిమితం చేస్తారు. ఎయిర్ బ్రేకు లేని బండితో ఇస్తే అమెరికాలో ఎయిర్ బ్రేకు బండి నడపనివ్వరు. ఏ బండితో పరీక్షకు వెళుతున్నారో అది కార్డు మీదికి ఎక్కుతుందన్నమాట. అమెరికాలో 2022 ఫిబ్రవరి నుంచి గుర్తింపు పొందిన శిక్షణ పూర్తికాకుండా నైపుణ్య పరీక్షకే రానివ్వడం లేదు. రెండు వారాల్లో లైసెన్సు ఇప్పిస్తామని ఎవరైనా అంటే, రెండు వారాల్లో ఏం నేర్పుతారో అడగండి.

లైసెన్సు వచ్చాక ఇంకో తలనొప్పి. అనుభవం ఉంటేనే పని ఇస్తామంటారు, పని ఇస్తేగానీ అనుభవం రాదు. కుర్ర డ్రైవర్లంటే బీమావాళ్లకు భయం. దీనికి మంత్రం లేదు. చిన్న లారీతో, తక్కువ దూరంతో మొదలుపెట్టండి. పెద్ద ట్రైలర్ వస్తే గానీ ఎక్కనని బింకానికి పోయినవాళ్లు ఏడాది తర్వాత కూడా ఇంటి దగ్గరే కనబడ్డారు నాకు.

కుర్రవాళ్లకు రోడ్డు మీదకంటే గోదాము దగ్గర ఎక్కువ కష్టం వస్తుంది. ‘కాదు’ అనడం. నా ఇరవై రెండో ఏట ఒక యజమాని, పేరు అనవసరం, పరిమితికి మించి ఎక్కించి, “నీ వయసులో మేము ఇంతకు రెండింతలు తోలాం” అన్నాడు. నేను తోలాను. దారి పొడవునా స్టీరింగ్ తేలికగా తిరిగింది. తేలికగా తిరిగితే మంచిదే కదా అనుకోకండి, సరుకు వెనకకు ఎక్కువ పేర్చారు, ముందు చక్రాల మీద బరువు చాలడం లేదు. చేరాను, ఏమీ కాలేదు. ఏమీ కాకపోవడం వల్ల ఇంకో ఆరునెలలు అలాగే తోలాను. ఆ ఆరునెలల సంగతి తలుచుకుంటే ఇప్పటికీ అరచేతులు చెమర్చుతాయి.

నిద్ర గురించి కూడా ఇదే మాట. యూరప్‌లో నాలుగున్నర గంటలు నడిపితే 45 నిమిషాల విరామం తప్పనిసరి, బండిలోని టాకోగ్రాఫ్ యంత్రం అంతా నమోదు చేస్తుంది. అమెరికాలో వరసగా 10 గంటలు విశ్రాంతి తీసుకుంటేనే 11 గంటలు నడపనిస్తారు. టాకోగ్రాఫ్ మీ కనురెప్పలను చూడదు. రాత్రి రెండు నుంచి ఆరు దాకా శరీరం నిద్ర అడుగుతుంది. మీ వయసులో పడుకోకుండా ఉండగలం అన్న ధీమా ఎక్కువ, ధీమా ఉన్నవాడికీ నిద్ర వస్తుంది. కిటికీ దించి, పాటలు పెద్దగా పెట్టి, చెంప మీద కొట్టుకుంటున్నారంటే అప్పటికే ఆలస్యమైంది. చోటు చూసి ఆపి పడుకోండి.

ప్రశ్నలు ఏమైనా ఉంటే అడగండి. ఆ చివర ఉన్న అమ్మాయి... గట్టిగా అడుగమ్మా, అందరికీ వినబడాలి.

ఎత్తు, బలం తక్కువైతే ఇబ్బందా అని అడుగుతోంది. పవర్ స్టీరింగ్ వచ్చాక బలంతో పని లేదమ్మా. సీటు ముందుకు జరుగుతుంది, పైకి లేస్తుంది, చాలా బండ్లలో స్టీరింగ్ కూడా వంగుతుంది. సీట్లో కూర్చున్నాక పెడల్ అడుగుదాకా అందుతోందా, అద్దాలన్నీ మెడ సాచకుండా కనబడుతున్నాయా, ఈ రెండే చూసుకో. ఎత్తుగా ఉన్నవాళ్లు అద్దాలు సరిచేసుకోకుండా బయలుదేరతారు, ఎలాగూ కనబడుతుందిలే అని. నేను చూసినంతలో అద్దాలకు ఎక్కువ సమయం ఇచ్చేది పొట్టివాళ్లే. మెట్లు దిగేటప్పుడు మాత్రం బండివైపు మొహం పెట్టి, రెండు చేతులూ ఒక కాలూ, లేదా రెండు కాళ్లూ ఒక చెయ్యీ ఆనించి దిగు. దూకవద్దు. ఈ మాట అందరికీ. లారీ డ్రైవర్ల మోకాళ్లు పాడయ్యేది ఆ దూకుళ్లతోనే.

ఇంకో చెయ్యి. చెప్పు తమ్ముడూ. మొదటిరోజే స్టీరింగ్ ఇస్తారా అనా? ఇవ్వను. ఈ వారం అంతా చుట్టూ తిరగడం, గాలి పరీక్ష, పక్క సీటు. నేను కాలు తీస్తాను, ఎందుకు తీశానో మీరు చెప్పాలి. పదికి ఆరు సరిగ్గా చెప్పినవాళ్లకు ముందు ఇస్తాను, మిగతావాళ్లకు తర్వాత ఇస్తాను. మొహాలు మాడ్చుకోకండి, మా మామ నన్ను రెండేళ్లు కూర్చోబెట్టాడు.

సరే, లేవండి. పుస్తకాలు ఇక్కడే ఉంచి ఒక్కొక్కరుగా బయటికి నడవండి. బండి చుట్టూ తిరిగి రండి, ఈసారి అందరూ. ఏమిటమ్మా నవ్వుతున్నావు? డబ్బా ఎక్కడుందో నీకు ముందే తెలుసా? మీరు ఇక్కడ కూర్చున్నప్పుడు మా సహచరుడు దాన్ని అక్కడినుంచి తీసి వేరేచోట పెట్టాడు. వెతకండి.